హోప్ ఐలాండ్: కాకినాడకు ఎదురుగా ఒక ఇసుక ఒడ్డు

కాకినాడ రేవులో నిలబడి తూర్పుకు చూస్తే, సముద్రంలో పొడవుగా, సన్నగా ఒక నేల కనిపిస్తుంది. అదే హోప్ ఐలాండ్. పేరుకు దీవి. నిజానికి అది గోదావరి తెచ్చి పోసిన ఇసుకను అలలు ఉత్తరానికి తోసుకుపోగా ఏర్పడిన తిన్నె. పొడవు సుమారు 16 కిలోమీటర్లు. వెడల్పు అంతంతమాత్రమే, చాలాచోట్ల ఒక ఒడ్డు నుంచి రెండో ఒడ్డుకు తాపీగా నడిచి చేరుకోవచ్చు. ఈ తిన్నెకూ కాకినాడ తీరానికీ మధ్య ఉన్న నీరే కాకినాడ అఖాతం. పడమటి ఒడ్డున ఆ అఖాతపు నీరు పెద్దగా అలికిడి లేకుండా ఉంటుంది. తూర్పు ఒడ్డున బంగాళాఖాతం విరుచుకుపడుతూ ఉంటుంది. రోడ్డు గానీ, హోటలు గానీ, గొడుగు కింద కొబ్బరిబోండాలమ్మే బండి గానీ లేని ఆ తూర్పు ఒడ్డు కోసమే ఒక్కరోజు యాత్రికులు పడవ ఎక్కుతారు.

ఈ నేల వయసు చాలా తక్కువ. కొండల వయసు కోట్ల ఏళ్లలో చెబుతారు. హోప్ ఐలాండ్ ఇప్పుడున్న రూపానికి రావడానికి పట్టిన కాలం సుమారు 200 ఏళ్లు మాత్రమే. ధవళేశ్వరం దగ్గర గోదావరి ప్రధానంగా గౌతమి, వసిష్ఠ అని రెండు పాయలుగా విడిపోతుంది. గౌతమీ పాయ యానాం మీదుగా సాగి సముద్రంలో కలుస్తుంది. వరదకాలంలో అది మోసుకొచ్చే ఇసుకా ఒండ్రూ మొగ దగ్గర దిగబడిపోతాయి. అక్కడి నుంచి పని అలలది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలులకు లేచే అలలు తీరాన్ని నేరుగా కాక, దక్షిణం నుంచి ఏటవాలుగా కొడతాయి. ఒక్కో అల ఇసుకను కొంచెం పైకి, కొంచెం ఉత్తరానికి నెడుతుంది. వెనక్కి పోయేటప్పుడు తిన్నగా కిందికి జారుస్తుంది. అలా ఒక్కో ఇసుక రేణువూ రంపపు పళ్ల దారిలో ఉత్తరానికి నడుస్తుంది. ఈశాన్య గాలుల కాలంలో ఈ నడక తిరగబడుతుంది గానీ, ఏడాది మొత్తం లెక్కలో ఉత్తరపు పోకడదే పైచేయి. గోదావరి డెల్టా దాటగానే తీరరేఖ పడమటికి వంగుతుంది. ఇసుక మాత్రం ఆ వంపు తిరగకుండా ముందుకే సాగి, నీటిలోనే పేరుకుంటూ పోయింది. దాని మీద మొదట తీగలు, తరువాత గడ్డి, ఆ తరువాత పొదలు, చెట్లు నిలదొక్కుకున్నాయి.

ఈ తిన్నె పెరగడం ఒక ఊరి రాతను మార్చింది, ఇంకో ఊరికి రాత రాసింది. అంతకుముందు ఈ ప్రాంతపు రేవు కోరంగి. ఇప్పుడు కాకినాడ నుంచి యానాం వెళ్లే దారిలో బస్సు కిటికీలోంచి చూస్తే అది మామూలు పల్లెటూరే. ఒకప్పుడు అక్కడ ఓడలు కట్టేవారు, దెబ్బతిన్న ఓడలను ఒడ్డెక్కించి బాగుచేసేవారు. అక్కడి నుంచి బర్మాకు రాకపోకలు ఎంతగా ఉండేవంటే, రంగూను వెళ్లిన తెలుగువాళ్లను, ఏ ఊరివాళ్లయినా సరే, అక్కడివాళ్లు కోరంగీలనే పిలిచేవారు. నది తెచ్చే ఒండ్రుతో కోరంగి పాయ పూడుకుపోవడంతో పెద్ద ఓడలు లోపలికి రాలేకపోయాయి. అదే సమయంలో ఇసుక తిన్నె మాటున కాకినాడ అఖాతం ఓడలు లంగరు వేసుకోవడానికి అనువుగా తయారైంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. కాలువలు వచ్చాయి. డెల్టా పంటలు పడవల్లో నేరుగా కాకినాడకు చేరడం మొదలైంది. 1861 నుంచి 1865 దాకా అమెరికాలో అంతర్యుద్ధం నడిచిన రోజుల్లో ఇంగ్లండు మిల్లులకు పత్తి కరువై, ఇక్కడి పత్తికి గిరాకీ పెరగడం కాకినాడకు ఇంకా కలిసివచ్చింది. చెక్కపడవలు కట్టే పని మాత్రం కోరంగి పక్కనున్న తాళ్లరేవులో పూర్తిగా పోలేదు.

కోరంగి పేరు చెప్పగానే గుర్తుకొచ్చే మరో సంగతి తుపాన్లు. 1789 డిసెంబరులో ఒకటి, 1839 నవంబరులో ఇంకొకటి ఆ ఊరిని ముంచెత్తాయి. 1839 తుపానులో 20 వేల పడవలు పోయాయనీ, 3 లక్షల మంది చనిపోయారనీ అంకెలు ఒక పుస్తకం నుంచి ఇంకో పుస్తకానికి ఎక్కుతూ వచ్చాయి. ఒక రేవు ఊరూ దాని చుట్టుపక్కల పల్లెలూ కలిపినా అంత జనం ఉండరు కాబట్టి ఆ అంకెలను నమ్మడం కష్టం. ఉప్పెన వచ్చి ఊరు తుడుచుకుపోయిందన్నది మాత్రం నిజం. 1996 నవంబరు 6న కాకినాడకు దక్షిణంగా తీరం దాటిన తుపాను కోనసీమ కొబ్బరితోటలను నేలమట్టం చేసిన సంగతి ఇప్పటికీ చాలామందికి జ్ఞాపకమే. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు కాకినాడ పెద్దగా దెబ్బతినకపోవడానికి ఎదురుగా ఉన్న ఈ తిన్నె, దాని వెనకనున్న మడ అడవులు కూడా కారణమని చెబుతారు. ఈ కాపుదలకు ఇంకో వైపు కూడా ఉంది. తిన్నె నీడ దాటిన చోట, కాకినాడకు ఉత్తరాన, జాందానీ చీరలకు పేరుపడ్డ ఉప్పాడ ఊరు ఏళ్ల తరబడి కోతకు గురవుతోంది. అలల జోరు అటు పడటమూ, తీరానికి అందాల్సిన ఇసుక అందకపోవడమూ ఆ కోతకు కారణాల్లో ఉన్నాయి.

దీవికి రెండు వైపుల నుంచి వెళ్లవచ్చు. ఒకటి కాకినాడ రేవు నుంచి అఖాతం మీదుగా నేరుగా. రెండోది కోరంగి అభయారణ్యం నుంచి మడ అడవుల మధ్య పాయల గుండా. మొదటిది దగ్గర, రెండోది అందం. రెండిట్లో ఏది ఎంచుకున్నా ముందు అటవీశాఖ అనుమతి, నడిచే పడవల వివరాలు కనుక్కోవాలి. తాబేళ్ల కాలంలోనూ, వాతావరణం బాగాలేనప్పుడూ ప్రయాణాలు ఆపేయవచ్చు. నవంబరు సగం దాటాక మొదలై ఫిబ్రవరి చివరి వరకు ఉండే రోజులు అన్నిటికన్నా హాయి. అక్టోబరు, నవంబరు నెలల్లో బయల్దేరే ముందు కాకినాడ ఓడరేవులో ఏ నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారో చూసుకోవడం తీరంలో పెరిగినవాళ్లందరికీ అలవాటే. బయటి ఊళ్ల నుంచి వచ్చేవారూ ఆ అలవాటు చేసుకుంటే మంచిది. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో పర్యాటకుల పడవ మునిగిన తరువాత రాష్ట్రంలో పడవ ప్రయాణాల నిబంధనలు గట్టిపడ్డాయి. లైఫ్ జాకెట్టు ఇవ్వని పడవ ఎక్కకూడదు. ఇచ్చినదాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చోకూడదు.

రేవు నుంచి బయల్దేరిన పడవకు మొదట ఎదురయ్యేది ఓడల సందడి. కాకినాడలో లోతునీటి రేవు 1997లో వచ్చింది. అంతకుముందు నుంచీ ఉన్న యాంకరేజి రేవు పద్ధతి వేరు: పెద్ద ఓడ దూరంగా లోతు ఉన్నచోట లంగరు వేసుకుంటుంది, సరుకును బార్జీలు మోస్తాయి. ఆఫ్రికా దేశాలకు వెళ్లే బియ్యం బస్తాలు టార్పాలిన్ల కింద దొంతర్లుగా పేర్చిన బార్జీలు అఖాతంలో తరచూ కనిపిస్తాయి. వాటిని దాటాక నీరు పలచబడుతుంది. ఈ అఖాతం లోతు చాలా తక్కువ. పాటు సమయంలో పడమటి అంచున మైళ్లకొద్దీ బురదనేల బయటపడుతుంది. నడుములోతు నీళ్లలో దిగి గుల్లలు ఏరుకునేవారు కనిపిస్తారు. మాంసానికి పనికొచ్చే బుడితగుల్లలు, సున్నానికి వాడే పల్చటి పెంకుల గుల్లలు ఈ అఖాతానికి పాత సంపద.

ఇక్కడ గడియారం కన్నా పోటుపాట్ల మాటే చెల్లుతుంది. రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. ఒక పోటుకూ తరువాతి పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. అందువల్ల ఇవాళ ఉదయం 8 గంటలకు వచ్చిన పోటు రేపు 8 గంటల 50 నిమిషాల ప్రాంతంలో వస్తుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటు బాగా ఎక్కుతుంది, పాటు బాగా దిగుతుంది. అష్టమి ప్రాంతంలో రెండూ మందగిస్తాయి. జాలర్లు తిథి చూసి వేళ చెప్పేస్తారు. పోటు మీద వెళ్లిన పడవ పాటు మీద తిరిగి రాబోతే మేట వేసినచోట తగులుకుని, మళ్లీ నీరు ఎక్కేదాకా గంటల తరబడి అక్కడే ఉండిపోవచ్చు. అందుకే సరంగు ఎక్కమన్నప్పుడు ఎక్కడం, దిగమన్నప్పుడు దిగడం తప్ప యాత్రికుడికి వేరే దారి లేదు. ఇంకో పది నిమిషాలు ఆగుదామని బతిమాలేవారి వల్లే ఎక్కువ ఇబ్బందులు వస్తాయి.

పడవ దిగేది పడమటి ఒడ్డున. అక్కడ బురద, అక్కడక్కడా మడచెట్లు, జాలర్ల వలలు. దీవిలో పుత్రయ్యపాకలు అని ఒక చిన్న జాలరి పల్లె ఉంది. ఆ పల్లెవాళ్లకు ఆసుపత్రికైనా, బియ్యానికైనా పడవే ఆధారం. వాళ్ల ఇళ్ల ముందు ఫోటోలు తీసేముందు ఒక మాట అడగడం మర్యాద. తిన్నె అడ్డంగా దాటుతున్నకొద్దీ కాలి కింద బురద పోయి ఇసుక వస్తుంది. సరుగుడు చెట్లు, తాటిచెట్లు, ముళ్లపొదలు తగులుతాయి. తూర్పు ఒడ్డుకు చేరేసరికి నేల మీద రెండే మొక్కలు రాజ్యమేలుతుంటాయి. ఒకటి బాలబంద తీగ: రెండుగా చీలిన గుండ్రని ఆకు, ఊదారంగు పూలు, ఇసుక మీద మీటర్లకొద్దీ పాకే పచ్చని తాడు. రెండోది రావణాసురుడి మీసాలు అని పిలిచే గరుకు గడ్డి. దాని ఆడపూల గుత్తి ఎండి, గుండ్రటి ముళ్లబంతిగా మారి, మొదలు నుంచి ఊడిపోతుంది. గాలి వీస్తే ఒడ్డు పొడవునా దొర్లుకుంటూ పోయి, ఎక్కడ ఆగితే అక్కడ గింజ రాలుస్తుంది. ఈ తీగా ఈ గడ్డీ లేకపోతే గాలి ఇసుకను ఎప్పుడో ఎత్తుకుపోయేది.

తూర్పు ఒడ్డు మీద చూపు ఆనినంతమేరా మనిషి జాడ ఉండదు. ఎర్రపీతలు మాత్రం వేలల్లో ఉంటాయి. అడుగుల అదురు తగలగానే దూరం నుంచి ఒడ్డంతా ఎర్రగా కదిలి, దగ్గరకు వెళ్లేలోపు ఖాళీ అయిపోతుంది. కదలకుండా కూర్చుంటే కొద్ది నిమిషాల్లో ఒక్కొక్కటే బయటికొస్తాయి. ముందు కాడల చివరనున్న కళ్లు, తరువాత ఒక డెక్క, ఆ తరువాత మిగతా శరీరం. ఇసుక తినే చిన్న పీతలు బొరియ చుట్టూ ఇసుకను నోట్లోకి తీసుకుని, అందులో అంటుకున్న నాచునూ సూక్ష్మజీవులనూ జల్లెడపట్టి, మిగిలినదాన్ని ఆవగింజంత ఉండలు చేసి వరసలుగా వదులుతాయి. పోటు రాగానే ఆ ఉండలన్నీ కరిగిపోతాయి, పాటు తీయగానే పని మళ్లీ మొదలు. ఇదే ఒడ్డు మీద నది తెచ్చిన గుర్రపుడెక్క ఎండుకట్టలు, తెగిన నైలాను వలలు, థర్మోకోలు ముక్కలు, నీళ్ల సీసాలు కూడా పడి ఉంటాయి. మనిషి అడుగు పెట్టని చోటికి మనిషి చెత్త ముందే చేరింది.

జనవరి నుంచి మార్చి వరకు ఈ ఒడ్డుకు వచ్చే అసలు అతిథులు ఆలివ్ రిడ్లే తాబేళ్లు. ఈ జాతి తాబేలు పెంకు పొడవు 60 నుంచి 70 సెంటీమీటర్లు, బరువు 35 నుంచి 45 కిలోలు. ఆడ తాబేలు చీకటి పడ్డాక, ఎక్కువగా పోటు మీద, ఒడ్డెక్కుతుంది. అలలు అందని చోటు చూసుకుని, వెనక కాళ్లతో కుండ ఆకారంలో గొయ్యి తవ్వుతుంది. ఒక కాలు ఇసుకను తోడి పక్కన పెడితే, రెండో కాలు అంతకుముందు తోడినదాన్ని దూరంగా విదిలిస్తుంది. గొయ్యిలో సుమారు వంద నుంచి 120 గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, బరువంతా వేసి అటూ ఇటూ ఊగుతూ దాన్ని గట్టిపరుస్తుంది. మొత్తం పని గంటలోపే అయిపోతుంది. తెల్లవారాక మిగిలేది జాడ ఒక్కటే: నీటి నుంచి పైకి, మళ్లీ కిందికి, ట్రాక్టరు చక్రం దొర్లినట్టు రెండు వరసల గుర్తులు. గుడ్లు 45 నుంచి 60 రోజుల్లో పొదుగుతాయి. ఇసుక వేడి ఎక్కువగా ఉంటే ఆడ పిల్లలు, తక్కువగా ఉంటే మగ పిల్లలు పుడతాయి. రాత్రిపూట గొయ్యిలోంచి బయటపడ్డ పిల్లలు, ఎటు వెలుతురుగా ఉంటే అటు పరుగెడతాయి. చీకటి ఒడ్డు మీద ఆ వెలుతురు సముద్రానిదే. మనిషి పెట్టిన దీపం ఉంటే మాత్రం దారి తప్పి నేలవైపు వెళ్లి, తెల్లవారేసరికి కాకులకో కుక్కలకో దొరికిపోతాయి. హోప్ ఐలాండ్ చీకటిగా ఉండటంలోని విలువ ఇదే.

నక్కలు, కుక్కలు గుడ్లు తవ్వుకుపోకుండా అటవీశాఖ వాటిని సేకరించి కంచె వేసిన హేచరీల్లో పాతిపెట్టి, పిల్లలను సముద్రంలో వదులుతుంది. ఒడ్డు మీది ముప్పు కన్నా నీటిలోని ముప్పు పెద్దది. తాబేలు ఊపిరితిత్తులతో గాలి పీల్చే జీవి. ట్రాలు వలలో చిక్కుకుని పైకి రాలేకపోతే మునిగి చస్తుంది. ఆ కాలంలో కాకినాడ, ఉప్పాడ తీరాల్లో చచ్చిన తాబేళ్లు కొట్టుకొచ్చిన వార్తలు తరచూ వస్తుంటాయి. వలలో తాబేలు తప్పించుకునే తలుపు అమర్చే పరికరం ఉంది. దాన్ని వాడమని చెప్పడం తేలిక, చేపలు కొన్ని జారిపోతాయన్న భయంతో వాడించడం కష్టం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు యంత్రపు పడవల వేట నిషేధం ఉంటుంది గానీ, అప్పటికి తాబేళ్లు గుడ్లు పెట్టే కాలం చాలావరకు దాటిపోతుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒకటో షెడ్యూలులో ఈ తాబేలు ఉంది. గుడ్డు ఏరుకున్నా శిక్షే.

తూర్పు ఒడ్డున ఈతకు దిగకపోవడమే తెలివి. ఇసుక అంచు ఒక్కసారిగా లోతుకు పడిపోతుంది. విరిగిన అల వెనక్కి పోయేటప్పుడు కాళ్ల కింది ఇసుకను లాగేస్తుంది. కాపలా ఈతగాళ్లు లేరు, కేక వేస్తే వినేవారూ లేరు. నీడ కూడా తక్కువే, కాబట్టి టోపీ, పాత చెప్పులు, మనిషికి కనీసం మూడు లీటర్ల నీళ్లు ఉండాలి. ఇలాంటి ఇసుక నేలల్లో వాన నీరు ఉప్పునీటి కన్నా తేలికైనది కాబట్టి దాని పైన పల్చటి పొరగా నిలుస్తుంది. చెలమ తవ్వితే దొరికేది ఆ పొరే. ఎక్కువ తోడితే కిందనుంచి ఉప్పునీరు ఎక్కుతుంది. పల్లెవాళ్ల నీటిని అడిగి తాగే పరిస్థితి తెచ్చుకోకూడదు. భోజనానికి పులిహోర పొట్లం, కాకినాడ కాజా చాలు. విస్తరాకు తప్ప ఇంకేదీ అక్కడ వదిలిపెట్టకూడదు.

తిరుగు ప్రయాణం మడ అడవి పాయల మీదుగా అయితే యాత్ర నిండుతుంది. 1978లో ఏర్పడ్డ కోరంగి అభయారణ్యం విస్తీర్ణం 235 చదరపు కిలోమీటర్లకు పైనే. మడ చెట్టు చుట్టూ బురదలోంచి పెన్సిళ్ల మందాన ఊపిరి వేళ్లు నిటారుగా పైకి వస్తాయి; గాలి ఆడని బురదలో వేరుకు ఆక్సిజన్ అందేది వాటి నుంచే. ఉప్పుపొన్న గింజ చెట్టు మీదుండగానే మొలకెత్తి, మూర పొడవు మొలకగా కిందికి జారి, బురదలో గుచ్చుకుని నిలుస్తుంది. తిల్ల చెట్టు కొమ్మ విరిస్తే తెల్లని పాలు కారతాయి. అవి కంట్లో పడితే చూపుకే ప్రమాదం. పాయల్లో తిరిగే జాలర్లు దాని జోలికి పోరు. చేపలు పట్టే బావురుపిల్లి, గుంపుగా ఈదే నీటికుక్కలు ఈ అడవిలో ఉన్నాయి. పగటిపూట వాటిని చూడగలగడం అదృష్టం మీద ఆధారపడ్డ విషయం. పక్షులు మాత్రం చలికాలంలో తప్పకుండా కనిపిస్తాయి. కాకినాడ చేపల రేవు దగ్గర కుంభాభిషేకం ప్రాంతపు బురదనేలల మీద ఇండియన్ స్కిమ్మర్ అనే అరుదైన పక్షి గుంపులుగా వాలుతుంది. దాని ముక్కు నారింజరంగు. పై సగం కన్నా కింది సగం పొడవు. నీటి మీద ఎగురుతూనే కింది ముక్కుతో నీటిని కోసుకుంటూ పోయి చేపను పట్టేస్తుంది.

పాయ బయటికొచ్చే వైపు చొల్లంగి. గోదావరి ఏడు పాయల్లో తుల్యభాగ సముద్రంలో కలిసేది అక్కడేనని నమ్మకం. పుష్య బహుళ అమావాస్య నాడు, అంటే చొల్లంగి అమావాస్య నాడు, అక్కడ స్నానం చేసి సప్తసాగర యాత్ర మొదలుపెట్టినవారు భీష్మ ఏకాదశికి అంతర్వేది చేరుకుంటారు. ఆ రోజుల్లో కాకినాడ–యానాం రోడ్డు మీద రద్దీ ఎక్కువ కాబట్టి, దీవి కోసం వచ్చేవారు వేరే తేదీ చూసుకోవడం నయం.

హోప్ ఐలాండ్ మీద విశ్రాంతి గృహాలు, రిసార్టులు కట్టాలన్న మాటలు ఎన్నోసార్లు వినిపించాయి. ఏటా కదిలే ఇసుక మీద కాంక్రీటు పోయడం, తాబేలు ఒడ్డు మీద విద్యుద్దీపాలు పెట్టడం రెండూ తెలివైన పనులు కావు. పైగా గోదావరి మీద ఆనకట్టలు పెరిగాక మొగకు చేరే ఇసుకా ఒండ్రూ తగ్గాయి. పెరిగే నేలగా మొదలైన ఈ తిన్నె కొన్నిచోట్ల కోత కూడా చూస్తోంది. దీవిని పొద్దున చూసి, సాయంత్రం చీకటి పడకముందే తిరిగి వచ్చేయడమే సరైన పద్ధతి. వెళ్లదలచినవారు ముందుగా కాకినాడలోని అటవీశాఖ కార్యాలయంలో గానీ, కోరంగి అభయారణ్యం దగ్గర గానీ అనుమతి, పడవ, ఆనాటి పోటు వేళ కనుక్కుని బయల్దేరాలి.